ఫోస్టర్ కేర్‌లో ఉన్న బాబుకు ప్రత్యేక విద్య కావాలి, వాడి తరఫున సంతకం ఎవరు చేయాలి?

ప్రశ్న: ఫోస్టర్ తల్లి, గుంటూరు

అందరికీ నమస్కారం. పద్నాలుగు నెలల క్రితం బాలల సంక్షేమ సమితి ఉత్తర్వుతో తొమ్మిదేళ్ల బాబు ఫోస్టర్ కేర్ (కన్నవారి దగ్గర లేని బిడ్డను వేరే కుటుంబం చూసుకునే ఏర్పాటు) కింద మా ఇంటికి వచ్చాడు. ఇది దత్తత కాదు. కన్నవారి ఆచూకీ ఇంతవరకు దొరకలేదు. ఇలాంటి పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని చట్టం నిషేధించింది కనుక బాబు పేరు గాని, బడి పేరు గాని రాయడం లేదు.

బాబు నాలుగో తరగతి చదువుతున్నాడు. కథ చెబితే పొల్లుపోకుండా తిరిగి చెబుతాడు, చిల్లర లెక్క తప్పడు. చదవమంటే మాత్రం అక్షరం మీద వేలు పెట్టి అక్కడే ఆగిపోతాడు. మొన్న ‘కమల’ అని రాయమంటే ‘మకల’ అని రాశాడు. ఎక్కడో తప్పు జరిగిందని వాడికే అనిపించినట్టుంది, నేను చూడకముందే అరచేత్తో కప్పేశాడు.

అభ్యసన వైకల్యం ఉండవచ్చని, నిపుణుల చేత పరీక్ష చేయించడం మంచిదని క్లాసు టీచరు చెప్పారు. అంగీకార పత్రంలో ‘తల్లి/తండ్రి సంతకం’ అన్న చోట నేను సంతకం చేసి పంపితే, కన్నతల్లిని కాను, కోర్టు నియమించిన సంరక్షకురాలినీ కాను అని బడివారు తిప్పి పంపారు. ఒక కార్యాలయానికి వెళ్లి అడిగితే అది బడివారు చూసుకోవలసిన విషయమన్నారు. ఈ తిరుగుడులోనే మూడు నెలలు గడిచిపోయాయి. చదువు విషయంలో తల్లిదండ్రుల స్థానంలో ఒక వ్యక్తిని నియమించే పద్ధతి అమెరికాలో ఉందని మా మేనకోడలు చెప్పింది. మన దగ్గర అలాంటి ఏర్పాటు ఉందా? లేకపోతే నేను ఎవరి దగ్గరకు వెళ్లి, ఏమని అడగాలి?

సమాధానం: విశ్రాంత ప్రత్యేక ఉపాధ్యాయురాలు, విజయవాడ

అమ్మా, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో నేను చాలా ఏళ్లు పనిచేశాను. బాబు అరచేత్తో కప్పేశాడని మీరు రాసిన వాక్యం దగ్గరే నా మనసు ఆగిపోయింది. తనకు రాదన్న సంగతి ఎదుటివారి కంటపడకూడదని పిల్లవాడు పడే శ్రమ అది. ఆ శ్రమ ముదిరితే బడికి వెళ్లనని మొండికేస్తాడు, అప్పుడు అందరూ వాణ్ణే తప్పుపడతారు. అందుకే సంతకం సంగతి తేలేదాకా ఎదురుచూడకండి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాలలో అభ్యసన వైకల్యం కూడా ఉంది. దాన్ని వీలైనంత త్వరగా గుర్తించి, తగిన బోధన పద్ధతులు చేపట్టే బాధ్యతను 16వ సెక్షన్ విద్యాసంస్థల మీదనే పెట్టింది. వైకల్యం కనీసం 40 శాతం ఉందని తేల్చడం, సదరం అనే ప్రభుత్వ వైకల్య సర్టిఫికెట్ తీసుకోవడం అన్నవి ఆ తరువాతి మెట్టు. టీచరు పాఠం చెప్పే తీరు మార్చుకోవడానికి సర్టిఫికెట్ అక్కరలేదు. ఈలోగా మీ మండలంలోని భవిత కేంద్రానికి బాబును తీసుకువెళ్లి, అక్కడి ప్రత్యేక ఉపాధ్యాయుల చేత పరిశీలన నివేదిక రాయించుకోండి. పాత నోటుపుస్తకాలను పారేయకుండా తేదీలు వేసి దాచండి. ఏ నివేదికా చెప్పలేనిది వాటిలో ఉంటుంది.

సమాధానం: బాలల కేసులు చూసే న్యాయవాది, విజయవాడ

మేడమ్ గారూ, అమెరికాలో ఉన్నటువంటి ప్రత్యేక పదవి మన చట్టంలో లేదు. అయితే మీకు ఏ హక్కూ లేదన్న బడివారి మాట కూడా సరికాదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బిడ్డ ఆలనాపాలనా ఎవరి చేతిలో ఉందో వారు కూడా సంరక్షకులే, కోర్టు నియమించినవారు మాత్రమే కాదు. 2015 బాల న్యాయ చట్టం కూడా, సమితి దృష్టిలో బిడ్డ బాధ్యతను వాస్తవంగా చూస్తున్న వ్యక్తిని సంరక్షకుల నిర్వచనంలో చేర్చింది. అదే చట్టం 44వ సెక్షన్ బిడ్డ చదువు, ఆరోగ్యం, పోషణ బాధ్యతలను ఫోస్టర్ కుటుంబానికి అప్పగించింది. బాధ్యత మోపి సంతకాన్ని కాదనడం ఏ విధంగానూ న్యాయం కాదు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఫోస్టర్ కేర్ ఉత్తర్వులలో ఈ సంగతి విడమరచి రాయకపోతే, హెచ్ఎం గారికి తరువాత ఎవరైనా వచ్చి ప్రశ్నిస్తారేమోనన్న భయం ఉంటుంది. కాబట్టి సమితికి అర్జీ పెట్టి, ‘ఈ బాలుని విద్యకు, వైకల్య నిర్ధారణకు సంబంధించిన పత్రాలపై సంతకం చేయడానికి, సమావేశాలకు హాజరు కావడానికి, రికార్డులు తీసుకోవడానికి ఫలానా వారికి అధికారం ఇవ్వడమైనది’ అన్న వాక్యాన్ని ఉత్తర్వులో చేర్చమని కోరండి. బాబు వ్యక్తిగత సంరక్షణ ప్రణాళికలో కూడా అదే రాయించండి. ఫోస్టర్ కుటుంబాలను సమితి ప్రతి నెలా తనిఖీ చేయాలని చట్టంలో ఉంది, ఆ రోజున కూడా ఈ విషయం ఎత్తండి. అర్జీ రాయడానికి సాయం కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగవచ్చు. మహిళలకు, పిల్లలకు అక్కడ సేవ ఉచితం.

హోముల్లో ఉండే పిల్లల సంగతి ఇంకా కష్టం. సూపరింటెండెంటు మారినప్పుడల్లా బిడ్డ చరిత్ర తెలిసిన మనిషి మారిపోతారు. అటువంటి పిల్లలకు ఒక స్థిరమైన వ్యక్తిని నియమించే నిబంధనను మన రాష్ట్రం చేయాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

సమాధానం: సత్యనారాయణపురం ఆడపడుచు, ప్రస్తుతం అమెరికా

మా పుట్టిల్లు విజయవాడ. ఇక్కడ ఒక అమ్మాయికి అలాంటి ప్రతినిధిగా ఉన్నాను కనుక తెలిసింది రాస్తున్నాను. ప్రత్యేక విద్యకు ఇక్కడి సమాఖ్య చట్టం 1975లో వచ్చింది. కన్నవారి ఆచూకీ దొరకని పిల్లలకు, ప్రభుత్వ సంరక్షణలో ఉన్న పిల్లలకు ప్రతినిధి అవసరమని తేలితే 30 రోజుల్లోగా నియమించడానికి తగిన ప్రయత్నం చేయాలని 2004 సవరణ చెబుతోంది. ప్రభుత్వ సంరక్షణలో ఉన్నవారికైతే జడ్జి కూడా నియమించవచ్చు. మన వాళ్లు తీసుకోదగిన నియమం ఒకటుంది. ఆ ప్రతినిధి విద్యాశాఖలో గాని, బిడ్డ సంరక్షణ చూసే సంస్థలో గాని ఉద్యోగి కాకూడదు. రాష్ట్ర చట్టం అడ్డుచెప్పకపోతే ఫోస్టర్ తల్లినే తల్లిగా పరిగణిస్తారు, అప్పుడు వేరే మనిషి అవసరమే ఉండదు.

బిడ్డను ఇంట్లో పెట్టుకునే బాధ్యత గాని, ఖర్చు గాని నాకు లేదు. విద్యా ప్రణాళిక సమావేశంలో కూర్చుంటాను. మొదటి సమావేశంలో ‘అమ్మాయి చదవగలిగేది రోజులో ఏ వేళ?’ అని అడిగితే, బల్ల చుట్టూ ఉన్న ఆరుగురిలో ఎవరికీ తెలియలేదు. అమ్మాయినే పిలిచి అడిగితే ‘భోజనానికి ముందు’ అని వెంటనే చెప్పింది. పఠనం క్లాసు ఉదయానికి మారింది.

ప్రశ్న అడిగిన వారి స్పందన

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. అర్జీ రాసుకున్నాను, సోమవారం ఇస్తాను. జూన్ నుంచి ఉన్న నోటుపుస్తకాలు ఐదు దొరికాయి, అన్నిటికీ తేదీలు వేశాను. వాక్యంలో నా పేరు ఒక్కటే రాస్తే చాలా, మా వారి పేరు కూడా ఉండాలా?

సమాధానం: న్యాయవాది

ఇద్దరి పేర్లూ రాయించి, ‘ఇద్దరిలో ఎవరైనా’ అన్న మాట తప్పకుండా చేర్చండి. ఒకరు ఊళ్లో లేని రోజున పని ఆగిపోకూడదు. అర్జీ రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకుని దగ్గర ఉంచుకోండి.