క్రీన్ విగ్రహం ఫొటోలో కరెంటు తీగలు ఉంచాలా, తీసేయాలా?

ఉప్పుగాలి (ఎంవీపీ కాలనీ)
మా అమ్మాయి ఐర్లాండ్‌లో ఉంటుంది. మొన్న వెళ్లినప్పుడు కెర్రీ కౌంటీలో అనస్కాల్ అనే పల్లెకి తీసుకెళ్లింది. అక్కడ టామ్ క్రీన్ విగ్రహం ఉంది. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు: 1877లో అక్కడికి దగ్గర్లోనే రైతు కుటుంబంలో పుట్టాడు. బ్రిటిష్ నేవీలో చేరి, ధ్రువయాత్రల నాయకులు స్కాట్‌తో రెండుసార్లు, షాకిల్టన్‌తో ఒకసారి అంటార్కిటికా వెళ్లాడు. రిటైరై ఊరికొచ్చి పబ్ పెట్టుకున్నాడు. దాని పేరు ‘సౌత్ పోల్ ఇన్’. ఆ పబ్ ఇప్పటికీ ఉంది, దానికెదురుగా విగ్రహం.

నా దగ్గర రెండు ఫొటోలున్నాయి, ఇక్కడ పెట్టాను. మొదటిది ఎదురుగా నిలబడి తీసింది. తీగలు, ఒక కారు, ఒక చెత్తడబ్బా పడితే కంప్యూటర్‌లో తీసేశాను. రెండోది పక్కకి జరిగి తీసింది. పబ్ గోడ, కారు, తీగలు, డబ్బా అన్నీ ఉన్నాయి. క్రీన్ ముఖం సగమే కనిపిస్తుంది. మన మిత్రుల ప్రదర్శనలో ‘సొంతూళ్లో విగ్రహం’ అంశానికి ఒక్కటే పంపాలి. మా ఆవిడ మొదటిదంటోంది. నాకేమో రెండోదాని మీదే మనసు. ఏమంటారు?

జగదాంబ సెంటర్
మొదటిదే మాస్టారూ, ఆలోచించక్కర్లేదు. ఆ విగ్రహం చేసింది ఈమన్ ఓడోహర్టీ. ఒక చేతిలో కర్రలు, ఇంకో చేతిలో రెండు కుక్కపిల్లలు. చూడాల్సింది అది. రెండోదాంట్లో నా కన్ను ముందు కారు మీదకే పోయింది.

పాత నావికుడు
నేను ఒప్పుకోను. తూర్పు నౌకాదళంలో పాతికేళ్లు చేసినవాణ్ణి. విగ్రహాలు ఎవరికి పెడతారో నాకు తెలుసు. స్కాట్ చనిపోయిన మూడేళ్లకే, 1915లో, లండన్ నడిబొడ్డున ఆయనకి విగ్రహం లేచింది. చెక్కింది ఆయన భార్యే. క్రీన్ పెట్టీ ఆఫీసరు, అంటే కింది హోదా. 1938లో పోయాడు, ఊళ్లో విగ్రహం పెట్టింది 2003లో. 65 ఏళ్లు!

1912లో స్కాట్ యాత్రలో లెఫ్టినెంట్ ఎవాన్స్ స్కర్వీతో (విటమిన్ సి లేక వచ్చే జబ్బు) నడవలేక పడిపోతే, తోటివాడు లాష్లీని ఆయన దగ్గర ఉంచి క్రీన్ ఒంటరిగా సాయం కోసం నడిచాడు. 56 కిలోమీటర్లు, 18 గంటలు, జేబులో మూడు బిస్కెట్లు, రెండు చాక్లెట్ ముక్కలు. మన విశాఖ నుంచి దాదాపు విజయనగరం దాకా నడిచినట్టు, అదీ మంచులో. అలాంటివాడు ఇంటికొచ్చి ఆ సంగతులు పెద్దగా మాట్లాడకుండా పబ్ నడుపుకున్నాడు. ఆ పబ్ ఫొటోలో లేకపోతే ఇంక ‘సొంతూరు’ ఎక్కడుంది? మొదటి ఫొటో ఏ ఊళ్లో తీశారంటే ఎవరు చెప్పగలరు?

జగదాంబ సెంటర్
కింద ఒక లైను రాస్తే సరిపోతుంది కదండీ, ఇది ఫలానా ఊరని.

పాత నావికుడు
రాస్తే చదువుతారు. ఫొటో దేనికి మరి?

గాజువాక కుర్రోడు
అసలు విగ్రహం ఫొటో తీసి ప్రదర్శనకి పెట్టొచ్చా? శిల్పికి కాపీరైట్ ఉండదా?

డార్క్‌రూమ్
తమ్ముడూ, మన దగ్గరైతే 1957 కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ ఉంది. జనం తిరిగే చోట శాశ్వతంగా ఉన్న శిల్పాన్ని ఫొటో తీయొచ్చు, ప్రచురించొచ్చు. ఐర్లాండ్ చట్టంలోనూ ఇలాంటి వెసులుబాటే ఉంది. టెన్షన్ పడకు.

అసలు విషయానికొస్తా. కుక్కపిల్లలతో క్రీన్ ఫొటో ఒకటి ఉంది, 1915లో షాకిల్టన్ ఓడ ఎండ్యూరెన్స్ యాత్రలో, ఆ యాత్ర ఫొటోగ్రాఫర్ ఫ్రాంక్ హర్లీ తీసింది. విగ్రహంలో కుక్కపిల్లల్ని చూడగానే ఆ ఫొటోనే గుర్తొస్తుంది. (తర్వాత తిండి కరువై ఆ యాత్రలోని కుక్కలన్నిటినీ కాల్చేయాల్సి వచ్చింది. ఇది తెలిశాక ఆ విగ్రహం చేతివైపు చూడడం కష్టం.) ఎడిటింగ్ తప్పని గుండెలు బాదుకునేవాళ్లకి చెబుతున్నా, ఆ హర్లీయే రెండు నెగటివ్‌లు కలిపి ఒక ఫొటో చేయడంలో దిట్ట. మంచులో నలిగిన ఓడని వదిలేశాక మంచు మీద కూర్చుని దాదాపు 400 గాజు నెగటివ్ ప్లేట్లు పగలగొట్టి, 120 మాత్రం ఉంచుకున్నాడు. ఏది ఉంచాలో, ఏది పోవాలో అక్కడే నిర్ణయమైపోయింది. ఉప్పుగాలి గారు చెత్తడబ్బా తీసేస్తే కొంప మునగదు.

పాత నావికుడు
హర్లీ పేరు మీరే ఎత్తారు కాబట్టి మిగతాది కూడా చెప్పండి. ఓడ పోయాక వాళ్లు చిక్కుకున్న ఎలిఫెంట్ దీవి నుంచి 1916 ఏప్రిల్ 24న చిన్న పడవలో ఆరుగురు సాయం కోసం బయల్దేరారు. 1,300 కిలోమీటర్ల సముద్రం. ఆ ఆరుగురిలో క్రీన్ ఒకడు. ఒడ్డున మిగిలిన 22 మంది చేతులూపుతుంటే హర్లీ ఫొటో తీశాడు. తర్వాత దాన్నే మార్చి, రక్షించడానికి ఓడ వచ్చిన దృశ్యమని చూపించారు. వీడ్కోలుని స్వాగతం చేసేశారు. జనం నమ్మారు కూడా. ఇదేనా మీ ఆదర్శం?

డార్క్‌రూమ్
అది అబద్ధం, ఒప్పుకుంటా. కానీ జరిగినదాన్ని మార్చడం వేరు, చెత్తడబ్బా తీయడం వేరు. రెండిటినీ ఒకే గాటన కట్టకండి.

సింహాచలం సంపెంగ
నా గోడు కూడా వినండి. మన బీచ్ రోడ్‌లో విగ్రహాలు తీయడానికి పోయినేడు నెల రోజులు తిరిగాను. పొద్దున్న వెళ్తే సూర్యుడు సముద్రం మీంచి వస్తాడు, రోడ్డు వైపు తిరిగిన ముఖాలన్నీ నల్లగా పడతాయి. సాయంత్రం వెళ్తే మెడలో ఎండిన దండ, పక్కన పుట్టినరోజు ఫ్లెక్సీ, పీఠం మీద మురీ మిక్చర్ పొట్లం. అన్నీ శుభ్రంగా తీసేసి మా నాన్నకి చూపిస్తే, “ఇది బొమ్మల పుస్తకంలోదా?” అన్నారు. ఆయన ముప్పై ఏళ్లుగా రోజూ ఆ దారిలో వాకింగ్ చేస్తున్నారు, గుర్తుపట్టలేదు. ఆ రోజు నుంచీ నేను ఏదీ తీయడం లేదు. ఫ్లెక్సీ కూడా ఉంచుతున్నా, తిట్టుకుంటూనే.

జగదాంబ సెంటర్
సంపెంగ గారూ, మీ నాన్నగారి మాటకి ఎదురు చెప్పలేను. కానీ ముఖం సగమే కనిపించే ఫొటో పెడితే చూసేవాళ్లు విగ్రహానికి అవమానం అంటారు. మన జనం సంగతి తెలిసిందే కదా.

సింహాచలం సంపెంగ
అది మన నాయకుల విగ్రహాలకి. క్రీన్ తరఫున ఇక్కడ ధర్నా చేసేవాళ్లెవరండీ?

డార్క్‌రూమ్
😀 ఉప్పుగాలి గారూ, రెండోదే పంపేట్టయితే ఒక పని చేయండి. ఆకాశం తెల్లగా ఉండడంతో కెమెరా మోసపోయి కంచు విగ్రహాన్ని నల్లగా తీసింది. కంప్యూటర్‌లో నీడలు కాస్త లేపండి, అంటే చీకటి భాగాలకి వెలుగు పెంచండి, కుక్కపిల్లలు బయటికొస్తాయి. ఈసారి వెళ్తే తీసేటప్పుడే ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే వెలుతురు రెట్టింపు) పెంచండి.

ఉప్పుగాలి (ఎంవీపీ కాలనీ)
అందరికీ థ్యాంక్స్. మా ఆవిడకి పాత నావికుడు గారి కామెంట్లు చదివి వినిపించాను. ‘సరే, పబ్ ఉంచండి’ అంది. నీడలు లేపితే ఒక కుక్కపిల్ల చెవి కూడా కనిపిస్తోంది. రెండోదే పంపేశాను. తీగలు, కారు అన్నీ ఉంచాను. చెత్తడబ్బా మాత్రం తీసేశాను, తిట్టకండి.

పాత నావికుడు
తిడతాం.