పెద్దవాళ్లతో బ్యాంకాక్: బస ఎక్కడ బాగుంటుంది, శాకాహారం ఎలా?

ప్రశ్న (విజయవాడ నుంచి)

నమస్కారం. డిసెంబరు మొదటి వారంలో మా అమ్మనూ నాన్నగారినీ తీసుకుని ఐదు రోజులు బ్యాంకాక్ వెళ్తున్నాను. హైదరాబాదు నుంచి నేరుగా వెళ్లే విమానానికి టికెట్లు తీసుకోవడం కూడా అయిపోయింది. నాన్నగారికి డెబ్బై ఒకటి, రోజూ నడిచే అలవాటు ఉంది. అమ్మకు అరవై ఆరు, మోకాళ్ల నొప్పులున్నాయి. మెట్లు ఎలాగో ఎక్కుతుంది గానీ దిగడమే కష్టం. ఇద్దరూ శాకాహారులు, అమ్మ గుడ్డు కూడా ముట్టదు. నేను చాలా ఏళ్ల క్రితం ఆఫీసు పని మీద ఒకసారి వెళ్లాను, అప్పుడు నేను చూసిందల్లా హోటలు గది, దాని కిటికీలోంచి కదలని కార్ల వరుస.

రెండు హోటళ్లు చూసి పెట్టుకున్నాను. ఒకటి చావ్ ఫ్రాయా నది పక్కన, సాథోన్ రేవు దగ్గర. రెండోది సియామ్ స్కైట్రెయిన్ (వంతెన మీద నడిచే రైలు) స్టేషను దగ్గర. అద్దెలో పెద్ద తేడా లేదు. పెద్దవాళ్లతో వెళ్లివచ్చినవారు ఏది మేలో చెప్పగలరా? వీడియోల్లో అందరూ షాపింగు గురించీ రాత్రి బజార్ల గురించీ చెబుతున్నారు తప్ప, మోకాళ్ల నొప్పులున్న మనిషి అక్కడ ఎలా తిరగాలో ఒక్కరూ చెప్పడం లేదు.

సమాధానం 1 (సికింద్రాబాదు నుంచి)

నేనైతే నది పక్కనే ఉండమంటాను. ఆ ఊళ్లో దూరాన్ని కిలోమీటర్లలో లెక్కవేస్తే మోసపోతాము; నాలుగు కిలోమీటర్లకు టాక్సీలో గంట పట్టిన రోజూ ఉంది, అదే దూరం పడవలో పావుగంటలో వెళ్లిన రోజూ ఉంది. సాథోన్ రేవు సఫాన్ తాక్సిన్ స్కైట్రెయిన్ స్టేషను కిందనే ఉంటుంది. అక్కడ నారింజ రంగు జెండా ఉన్న పడవ ఎక్కితే ఎంత దూరమైనా మనిషికి 16 బాట్లు (బాట్ అక్కడి డబ్బు). పర్యాటకుల కోసం నడిపే నీలం జెండా పడవకు అంతకంటే ఎక్కువ తీసుకుంటారు, కూర్చునే చోటు మాత్రం దొరుకుతుంది. రాజప్రాసాదం, వాట్ ఫో (వాట్ అంటే గుడి), అవతలి ఒడ్డున వాట్ అరుణ్ (మన అరుణుడి పేరే) అన్నీ ఆ దారిలోనే వస్తాయి.

రాజప్రాసాదానికి ఉదయం ఎనిమిదిన్నరకే గేటు దగ్గర ఉండండి. టికెట్టు 500 బాట్లు, మధ్యాహ్నం మూడున్నర తరువాత అమ్మరు. భుజాలూ మోకాళ్లూ కప్పే బట్టలు తప్పనిసరి. చీరకూ ప్యాంటుకూ ఇబ్బంది లేదు.

ఇక నా అనుభవం ఒకటి. గేటుకు రెండు వందల గజాల దూరంలో, మెడలో ఏదో కార్డు వేసుకున్న ఒక పెద్దమనిషి ఎదురొచ్చి, "ఈ రోజు పూజలున్నాయి, మధ్యాహ్నం దాకా మూసి ఉంటుంది, ఈలోగా ఇరవై బాట్లకే మూడు గుళ్లు చూపించమని ఈ టుక్‌టుక్ అతనికి చెబుతాను" అని ఎంతో మర్యాదగా చెప్పాడు. మేము చూసింది ఒక గుడి, రెండు బట్టలు కుట్టే దుకాణాలు, ఒక రత్నాల దుకాణం. తిరిగి వచ్చేసరికి రెండున్నర అయింది, ఆ రోజంతా గేటు తెరిచే ఉందని అప్పుడు తెలిసింది. మూసి ఉందో లేదో టికెట్టు కిటికీ దగ్గరికి వెళ్లి మీ కళ్లతో చూసేదాకా ఎవరి మాటా నమ్మకండి.

సమాధానం 2 (కాకినాడ నుంచి)

పై సలహా నడవగలిగినవాళ్లకు సరిపోతుంది గానీ, అడిగినవారి అమ్మగారికి సరిపోదని నా అభిప్రాయం. ఆ రేవులు నీటి మీద తేలే పంటులు. పెద్ద పడవ ఏదైనా పక్కనుంచి పోతే పంటూ ఊగుతుంది, మనం ఎక్కవలసిన పడవా ఊగుతుంది, రెండూ ఒకే లయలో ఊగవు. పడవ వెనక నిలబడిన కుర్రవాడు ఈల వేస్తూ తాడు బిగించి, జనం ఎక్కీ ఎక్కగానే మళ్లీ ఈల వేస్తాడు. అంతా కలిపి నిమిషం కూడా ఆగదు. మా అత్తగారు ఒక కాలు పంటు మీద, ఒక కాలు పడవలో పెట్టి నిలబడిపోయిన ఆ రెండు క్షణాలు నాకు ఇప్పటికీ గుర్తే. ఎవరో వెనకనుంచి నడుం పట్టుకుని లోపలికి నెట్టారు గనుక సరిపోయింది.

దానికి బదులు భూగర్భ మెట్రో ఉంది. నీలి మార్గాన్ని 2019లో పాత పట్నం మీదుగా పొడిగించినప్పుడు సనామ్ చాయ్ అనే స్టేషను కట్టారు. అందులో లిఫ్టు ఉంది, పైకి వస్తే వాట్ ఫో ఐదారు నిమిషాల నడక. కాబట్టి మీరు చూసిన రెండు హోటళ్లూ వదిలేసి, స్కైట్రెయినూ మెట్రో కలిసే సీలోమ్ ప్రాంతంలో గది తీసుకోండి. సాలా డేంగ్ స్టేషను, సీలోమ్ మెట్రో స్టేషను పక్కపక్కనే ఉంటాయి. పైగా సీలోమ్ రోడ్డులోనే తమిళులు పందొమ్మిదో శతాబ్దంలో కట్టుకున్న మహా మారియమ్మన్ గుడి ఉంది. గోపురం చూడగానే అమ్మగారికి ప్రాణం లేచి వస్తుంది. లోపల ఫోటోలు తీయనివ్వరు. స్కైట్రెయిన్ స్టేషన్లలో లిఫ్టు అన్ని ద్వారాల దగ్గరా ఉండదు, ఏ ద్వారం వైపు ఉందో గోడ మీది పటంలో ముందే చూసుకోండి.

చూడవలసినవాటిలో రాజప్రాసాదం ఎండలో చాలా నడిపిస్తుంది. అమ్మగారు అలసిపోతే ఆ ఆవరణలోనే ఉన్న మరకత బుద్ధుడి గుడి చుట్టూ ఉన్న చావడిలోకి తీసుకెళ్లండి. నీడకు నీడ, పైగా గోడల నిండా రామాయణం, మొత్తం 178 చిత్రాలు. అక్కడివాళ్లు దాన్ని రామకియెన్ అంటారు, రావణుడిని తోసకాన్ అంటారు, అంటే మన దశకంఠుడే. వాళ్ల హనుమంతుడు బ్రహ్మచారి కాడు, రావణుడి కూతురైన ఒక మత్స్యకన్యను వలచాడు కూడా. మీ నాన్నగారు ఈ విషయం మీద అక్కడే వాదనకు దిగే మనిషైతే, ముందుగానే చెప్పి తీసుకెళ్లడం మంచిది.

వాట్ ఫోలో శయన బుద్ధుడి పొడవు 46 మీటర్లు. అందరూ ముఖం దగ్గర ఫోటో తీసుకుని కదిలిపోతారు. మీరు పాదాల దాకా వెళ్లండి. అరికాళ్లలో ముత్యపు చిప్పతో పొదిగిన 108 శుభచిహ్నాలు ఉంటాయి. విగ్రహం వీపు వెనక గోడ పొడుగునా 108 కంచు గిన్నెలు. ఇరవై బాట్లు ఇస్తే చిన్న గిన్నెడు చిల్లర నాణేలు ఇస్తారు, ఒక్కొక్క గిన్నెలో ఒక్కొక్కటి వేస్తూ నడవాలి. ఆ హాలంతా టింగు టింగుమని ఒకటే చప్పుడు. మా అత్తగారు మోకాళ్ల నొప్పి మరచి అష్టోత్తరం చదువుకుంటూ చివరిదాకా నడిచారు.

సమాధానం 3 (బ్యాంకాక్‌లో ఆరేళ్లుగా ఉంటున్నాను)

బస విషయంలో సీలోమ్ మాట సరైనదే. నేను తిండి గురించి చెబుతాను, ఎందుకంటే ఇక్కడికి వచ్చే మనవాళ్లలో ఎక్కువమంది "వెజ్" అనే మాట మీద ఆధారపడి ఇబ్బంది పడతారు. వంటవాళ్లకు ఆ మాటకు అర్థం ముక్కలు వేయకపోవడం మాత్రమే. చేపల రసం, అంటే నామ్ ప్లా, వాళ్ల లెక్కలో ఉప్పుతో సమానం. బొప్పాయి కాయ కోరుతో చేసే సోమ్ తమ్ చూడటానికి మన పచ్చడిలాగే ఉంటుంది గానీ, అందులో నామ్ ప్లాతో పాటు ఎండు రొయ్యలు కూడా పడతాయి.

రెండు మాటలు నేర్చుకోండి. మొదటిది "మాంగ్సవిరత్", అంటే మాంసవిరతి. ఇందులో గుడ్డు, పాలు ఉండవచ్చు. రెండోది "జే". చైనా సంప్రదాయం నుంచి వచ్చిన ఈ పద్ధతిలో మాంసం, చేప, గుడ్డు, పాలతో పాటు ఉల్లి, వెల్లుల్లి కూడా నిషిద్ధం. మీ అమ్మగారికి కావలసింది ఇదే. దుకాణం ముందు పసుపు రంగు మీద ఎర్రగా రాసిన ఆ అక్షరాలు మనకు 17 అంకెలాగా కనిపిస్తాయి. ఆ గుర్తు ఉన్నచోట నిశ్చింతగా కూర్చోవచ్చు. అలాంటి చోటు దొరకనప్పుడు "మై సై నామ్ ప్లా" (చేపల రసం వేయవద్దు), "మై సై ఖై" (గుడ్డు వేయవద్దు) అని చెప్పండి. అయినా పొయ్యి మీద మూకుడు ఒక్కటే, అందులోనే అన్నీ వేయిస్తారు; అది పట్టింపు ఉన్నవాళ్లు వీధి బండ్ల జోలికి పోకపోవడమే మంచిది. అన్నం, చపాతీ కావాలంటే పాత పట్నంలో మనదేశంవాళ్లు ఉండే ఫాహురాత్ పేట ఉంది, అక్కడి పెద్ద గురుద్వారాలో లంగరు (అందరికీ ఉచిత భోజనం) కూడా పెడతారు. గదిలో కెటిల్ ఉంటుంది గనుక ఉప్మా ప్యాకెట్లు, కందిపొడి తెచ్చుకోవడానికి మొహమాటపడకండి, నేను ఇప్పటికీ ఊరి నుంచి తెచ్చుకుంటూనే ఉన్నాను.

ఒక జాగ్రత్త: దేశంలో అడుగుపెట్టే ముందు నింపవలసిన డిజిటల్ అరైవల్ కార్డు 2025 మే నుంచి తప్పనిసరి. రావడానికి మూడు రోజుల ముందు నుంచి నింపవచ్చు, పైసా కట్టనవసరం లేదు. డబ్బు అడిగే వెబ్‌సైటు ఏదైనా సరే, అది ప్రభుత్వానిది కాదు. వీసా నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి బయలుదేరే ముందు రాయబార కార్యాలయం పేజీలో మళ్లీ ఒకసారి చూసుకోండి.

అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. సీలోమ్‌లో, మెట్రో మెట్ల దగ్గర కాకుండా లిఫ్టు ఉన్న ద్వారం వైపు ఒక హోటలు తీసుకున్నాను. మాంసవిరతి మాట విని నాన్నగారు చాలా సంతోషించారు, ఇప్పటికే ఇంటికి వచ్చినవాళ్లందరికీ చెబుతున్నారు. అయితే ఒక్కసారైనా పడవ ఎక్కాలని కూడా పట్టుబడుతున్నారు. విమానాశ్రయంలో అమ్మకు వీల్‌చైరు అడగాలా?

సమాధానం 3 (మళ్లీ)

వీల్‌చైరు తప్పకుండా అడగండి, టికెట్టులోనే ముందుగా రాయించండి. సువర్ణభూమిలో నడక చాలా ఎక్కువ. పడవ సంగతికి వస్తే, వాట్ ఫో ఎదురుగా థా తియెన్ రేవు నుంచి వాట్ అరుణ్‌కు అడ్డంగా దాటించే చిన్న పడవ ఉంది, చార్జీ ఐదు బాట్లు. నాన్నగారిని అందులో తీసుకెళ్లండి, అమ్మగారు ఇవతలి ఒడ్డున నీడలో కూర్చుని చూడవచ్చు. తిరుగు ప్రయాణంలో పాస్‌పోర్టు తనిఖీ దాటాక క్షీరసాగర మథనం శిల్పం ఉంటుంది. వాసుకిని ఒకవైపు దేవతలు, ఒకవైపు రాక్షసులు లాగుతూ ఉంటారు. వీల్‌చైరు నెట్టే మనిషి ఆగకుండా తీసుకుపోతాడు, అక్కడ రెండు నిమిషాలు ఆపమని ముందే చెప్పి ఉంచండి.