పెద్దవయసు స్నేహితురాళ్ల సరదా కథలు: మనం నవ్వేది వాళ్లతోనా, వాళ్లని చూసా?

మల్లెతీగ:
60, 70 దాటిన స్నేహితురాళ్ల మీద తేలిక హాస్యం రాసేవాళ్లు ఈమధ్య బాగానే కనిపిస్తున్నారు. సంతోషమే. కానీ అలాంటివి వరసగా చదివేసరికి నాకొక అనుమానం పట్టుకుంది. జోకులన్నీ రెండే రకాలు. ఒకటి, పెద్దావిడకి ఏదీ చేతకాదు: వీడియో కాల్‌లో నుదురు మాత్రమే కనిపిస్తుంది, ఒకరికి పంపాల్సిన మెసేజ్ ఇంకొకరికి వెళ్లిపోతుంది. రెండోది, పెద్దావిడకి అన్నీ వచ్చు: బైకెక్కుతుంది, విమానంలోంచి దూకుతుంది, దొంగని ఒక్క దెబ్బకి పడగొడుతుంది. రెండింట్లోనూ నవ్వు పుట్టేది ఆవిడ వయసులోంచే. అదే పని 30 ఏళ్ల అమ్మాయి చేస్తే ఎవరికీ నవ్వు రాదు. మరి ఇది హాస్యమా, వెక్కిరింతా? ఇంకో మాట కూడా అడగాలి. ఈ కథల్లో స్నేహం ఎక్కడుంది? నలుగురు ఒకేచోట ఉంటారు, అంతేగా!

వెనకబెంచీ:
అతిగా ఆలోచిస్తున్నారండీ. సరదా కథ సరదాగా ఉంటే చాలదా? ఇన్నాళ్లూ పెద్దవాళ్ల మీద వచ్చినవన్నీ ఏడుపుగొట్టు కథలే. పిల్లలు పట్టించుకోరు, కిటికీ పక్కన కుర్చీ, చేతిలో పాత ఫొటో. ఇప్పుడు ఎవరో పుణ్యాత్ములు ఆవిడని ఆ కుర్చీలోంచి లేపి విమానంలోంచి దూకిస్తే అదీ తప్పేనా! హాస్యంలో అందరూ జారిపడతారు. కుర్రాడు పడితే నవ్వుతాం, ఆఫీసర్ పడితే ఇంకా నవ్వుతాం. పెద్దావిడ పడితే మాత్రం చేతులు కట్టుకుని నిలబడాలంటారా? గౌరవం పేరుతో దూరం పెట్టడమే అది.

కళ్లజోడు:
నాకు 70 దాటాయి కాబట్టి నా ఓటు రెండు ఓట్ల కింద లెక్కేసుకోండి.

వెనకబెంచీ గారూ, మేం పడితే నవ్వొద్దని ఎవరూ అనలేదు. కాకపోతే మాకు తుంటి ఎముక భయం ఉంటుంది. అందుకని మా జోకు ఇంకోలా నడుస్తుంది. ఒకావిడ పడింది. లేపడానికి ఇంకో ఇద్దరు వంగారు. వంగినవాళ్లు లేవలేకపోయారు. సరే ఎలాగూ కూర్చున్నాం కదా అని ముగ్గురూ నేలమీదే కబుర్లు మొదలుపెట్టారు. ఇది రాయండి, నేను కూడా నవ్వుతాను.

మల్లెతీగ గారు అడిగిన రెండో ప్రశ్నే అసలైంది. వయసు మీద జోకుకి ఒక్క మనిషి చాలు. స్నేహం మీద జోకుకి ఇద్దరు కావాలి, ఆ ఇద్దరి మధ్యా బోలెడంత పాత సామాను ఉండాలి. డాక్టర్ దగ్గరికి స్నేహితురాలిని తోడు తీసుకెళ్లారనుకోండి.

"రాత్రిళ్లు నిద్ర పడుతోందా అమ్మా?"
"బ్రహ్మాండంగా పడుతోందండీ."
"అబద్ధం. రెండింటికి నాకు ఫోన్ చేస్తుంది."
"మొదటి రింగుకే ఎత్తేస్తావు కదే! నీకు పడుతోందేంటి?"

డాక్టర్ గారు పెన్ను పట్టుకుని, చీటీ ఎవరి పేరున రాయాలో తోచక చూస్తుంటారు. ఇందులో వయసు లేదా అంటే ఉంది, నిద్ర పట్టకపోవడం వయసే. కానీ నవ్వొచ్చేది ఒకరి గుట్టు ఒకరు రట్టు చేసుకున్నందుకు.

పాతపుస్తకం:
ఈ పేచీకి 170 ఏళ్ల పైబడిన ఉదాహరణ ఒకటుంది. ఎలిజబెత్ గాస్కెల్ అనే ఇంగ్లీషు రచయిత్రి రాసిన 'క్రాన్‌ఫర్డ్' నవల. చార్లెస్ డికెన్స్ నడిపిన 'హౌస్‌హోల్డ్ వర్డ్స్' పత్రికలో 1851 నుంచి 1853 దాకా విడతలుగా వచ్చింది. క్రాన్‌ఫర్డ్ అనే ఊళ్లో పెత్తనమంతా పెళ్లికానివాళ్లు, భర్త పోయినవాళ్లు అయిన పెద్దవయసు ఆడవాళ్లదే.

అందులో ఒకావిడ ఆవు సున్నపు గుంటలో పడి ఒంటిమీద వెంట్రుకలన్నీ పోగొట్టుకుంటుంది. "అది బతకాలంటే ఫ్లానెల్ బట్టలు తొడగండి, నన్నడిగితే చంపేయడమే మేలు" అని ఒక కెప్టెన్ గారు సలహా ఇస్తారు. రెండో సగం ఆవిడ చెవికెక్కదు. బట్టలు కుట్టించేస్తుంది. బూడిదరంగు ఫ్లానెల్ వేసుకుని ఆవు మేతకి వెళుతుంటే ఊరంతా చూడటానికి వస్తారు. ఇది వెనకబెంచీ గారి వాటా.

అదే పుస్తకంలో మిస్ మాటీ అనే ఆవిడ డబ్బు దాచుకున్న బ్యాంకు మునిగిపోతుంది. స్నేహితురాళ్లు ఆవిడకి తెలియకుండా కూడి, ఏడాదికి ఎవరెంత ఇవ్వగలరో కాగితాల మీద రాసి, సీలు వేసి అప్పగిస్తారు. ఒకరి అంకె ఇంకొకరికి తెలియకూడదు, మాటీకి అసలే తెలియకూడదు. డబ్బు మాట ఎత్తడమే అమర్యాద అనుకునే మనుషులు డబ్బు కోసం సమావేశం పెట్టుకున్నారు చూడండి, ఆ గుంభనం చదువుతుంటే నవ్వాగదు. వాళ్లలో ఒకావిడ రాసిన మొత్తం ఆవిడ రాబడిలో 20వ వంతు కన్నా ఎక్కువని ఆ వెంటనే తెలుస్తుంది. నవ్వుతున్న నోరు మూతపడుతుంది. ఆ రెండూ ఒక్క సన్నివేశంలో ఉండటమే నాకు నచ్చేది.

వెనకబెంచీ:
ఆవుని నాకిచ్చారు, థాంక్సండీ. అయితే సీలు కాగితాలతో ఒక అధ్యాయం నడుస్తుంది, 300 పేజీలు నడవ్వు. ఇప్పటి పాఠకుడికి మధ్యలో ఒక హత్యో, పోయిన నగో లేకపోతే పుస్తకం పక్కన పెట్టి ఫోన్ తీస్తాడు.

చివరిపేజీ:
నడవ్వని ఎవరన్నారు? 'ద గోల్డెన్ గర్ల్స్' అనే అమెరికన్ టీవీ సీరియల్ 1985 నుంచి 1992 దాకా 7 సీజన్లు నడిచింది. ఒకే ఇంట్లో నలుగురు. ముగ్గురికి భర్తలు పోయారు, ఒకావిడది విడాకులు. ఎక్కువ భాగం కూర్చుని మాట్లాడుకుంటారు, పోట్లాడుకుంటారు, మళ్లీ కూర్చుంటారు. నలుగురు నటీమణులకీ ఎమ్మీ అనే అమెరికన్ టీవీ అవార్డులొచ్చాయి.

అందులో తల్లి సోఫియాగా వేసిన ఎస్టెల్ గెటీ, కూతురు డొరొతీగా వేసిన బీ ఆర్థర్ కంటే వయసులో ఏడాదికి పైగా చిన్నది. అంటే తల్లి ముసలితనం విగ్గుతో, మేకప్‌తో వచ్చేసింది. అయినా ఆవిడని జనం గుర్తుపెట్టుకున్నది నోటి దురుసుకి. వయసు అతికించొచ్చండీ, నోరు మాత్రం రాయాల్సిందే.

కొత్తపెన్ను:
నేను రాయడం మొదలుపెట్టినవాణ్ని, నాకు 28. మనవడు చెబుతున్నట్టు కథ నడిపితే ఎలా ఉంటుంది? వాడు చూసిన అమ్మమ్మ, ఆవిడ స్నేహితురాళ్లు. నాకు తెలిసిన కోణం అదొక్కటే.

మల్లెతీగ:
కొత్తపెన్ను గారూ, సగం కథలు దెబ్బతినేది అక్కడే అనిపిస్తుంది నాకు. మనవడి ముందు ఆవిడ అమ్మమ్మే. వాడు గది దాటి వెళ్లాక పక్కనున్నావిడ "వాడి ముందు ఎంత మంచిదానివైపోతావే" అంటుంది చూశారా, మీకు కావాల్సిన మనిషి అప్పుడు బయటికొస్తుంది. చెప్పేది మనవడైతే ఆ మాట వాడి చెవిన పడదు. తప్పనిసరిగా మనవడే కావాలంటే వాడిని తలుపు వెనక నిలబెట్టండి. తను విన్నది సగమే అర్థమవుతున్నవాడి కథ రాయండి, అందులో బోలెడు హాస్యం ఉంది. "మా అమ్మమ్మ ఎంత ముద్దుగా ఉందో" అనే కథ మాత్రం వద్దు బాబూ.

ఇంకోటి కూడా తేల్చండి. సరదా కథ అని పేరు పెట్టుకున్నాక ఆ నలుగురిలో ఒకరు పోవచ్చా? ఆ వయసు మనుషుల కథలో చావు ఊసే రాకపోతే నాకు అబద్ధంలా ఉంటుంది.

వెనకబెంచీ:
పోకూడదు. చివరి అధ్యాయంలో ఒకావిడని చంపి మన చేత కళ్లనీళ్లు పెట్టించడం రచయిత బద్ధకం. నేను నవ్వడానికి డబ్బిచ్చి కొన్నాను.

పాతపుస్తకం:
బద్ధకమే, ఒప్పుకుంటాను. కానీ క్రాన్‌ఫర్డ్‌లో మాటీ అక్క డెబొరా పుస్తకం మొదట్లోనే పోతుంది. ఆ తర్వాత కూడా మాటీ ప్రతి చిన్న విషయానికీ 'అక్కయితే ఏమనేదో' అని బెదురుతూనే ఉంటుంది. పోయిన మనిషి పెత్తనం ఆగదు. ఆ బెదురు మనకి నవ్వు తెప్పిస్తుంది, జాలి కూడా వేస్తుంది. చివర్లో కాకుండా మొదట్లో చంపమంటాను నేను.

కళ్లజోడు:
మీరంతా చావుని ఏ అధ్యాయంలో పెట్టాలా అని కొట్టుకుంటున్నారు. మా దగ్గర అది రోజూ ఉండే మాటే, బేరంలా నడుస్తుంది. మొన్న నా స్నేహితురాలితో అన్నాను, "నేను ముందు పోతే నా బూడిదరంగు శాలువా నువ్వు తీసుకోవే" అని. "ఆ రంగు నాకొద్దు, ఇంకెవరికైనా ఇప్పుడే చెప్పుకో" అంది. తర్వాత కాసేపాగి, "నీ ఫోన్లో మనిద్దరం రాసుకున్నవన్నీ పిల్లలు చూడకముందే చెరిపేస్తాలే, పాస్‌వర్డ్ చెప్పు" అంది. "చెప్పను, ఇప్పుడే తెరిచి మిగతావాళ్లకి నీ గురించి ఏం రాశానో చూస్తావు" అన్నాను. సాయంత్రం దాకా అలిగింది.

కొత్తపెన్ను:
కళ్లజోడు గారూ, ఇంతకీ పాస్‌వర్డ్ చెప్పారా?

కళ్లజోడు:
చెప్పాను. తప్పుది.