పిల్లల శరీర భావన కొలత: మన జిల్లాల సగటుల్ని ఆస్ట్రేలియాతో పోల్చొచ్చా?

డ్రిల్ మాస్టారు: తమ ఒంటి గురించి పిల్లలేమనుకుంటున్నారో కొలిచే పీఎస్‌డీక్యూ (ఫిజికల్ సెల్ఫ్-డిస్క్రిప్షన్ క్వశ్చనీర్) ప్రశ్నపత్రం (మనస్తత్వవేత్త హెర్బర్ట్ మార్ష్ బృందం, 1994, 70 వాక్యాలు, 11 విభాగాలు, తప్పు నుంచి నిజం దాకా ఆరు మెట్ల జవాబు) ఆస్ట్రేలియా, స్పెయిన్, టర్కీ మూడుచోట్లా నిలబడింది. తెలుగు చేసి శ్రీకాకుళం, విజయనగరం హైస్కూళ్లలో పెడితే, వచ్చిన సగటుల్ని ఆస్ట్రేలియా సగటుల పక్కన పెట్టడానికి అభ్యంతరమేంటి? పెట్టొచ్చనే నేనంటాను.

సగటుమనిషి: మాస్టారూ, 2002లో ఆ మూడు దేశాల్లో పోల్చి చూసింది ఏ వాక్యం ఏ విభాగంలో పడుతుందన్న నిర్మాణాన్ని. సగటుల దాకా వెళ్లాలంటే లోడింగులు (ఒక్కో వాక్యం తన విభాగంతో ఎంత గట్టిగా ముడిపడిందో చెప్పే అంకెలు) రెండు గుంపుల్లో సమానమని తేలాలి, ఆపైన ఇంటర్‌సెప్టులూ (ఆ గుణం ఒకే స్థాయిలో ఉన్న పిల్లలు ఆ వాక్యానికి ఎంత అంకె దగ్గర మొదలుపెడతారో చెప్పేవి) సమానమని తేలాలి. ఏ మెట్టు దగ్గరైనా సీఎఫ్ఐ (మనం వేసిన నమూనా పిల్లల జవాబులకి ఎంత సరిపోయిందో చెప్పే సూచీ) 0.01 కంటే ఎక్కువ పడిపోతే అక్కడితో ఆగాలి. ఎక్కువగా జారేది ఆఖరి మెట్టే.

ఆమదాలవలస: ఎందుకు జారుతుందంటే, బలం విభాగమే చూడండి. కొండవెలగాడ కుర్రాడు ‘నేను బలవంతుణ్ణి’ చదివి, ఊళ్లో వెయిట్‌లిఫ్టింగ్ పతకాలు తెచ్చినవాళ్లతో పోల్చుకుని 3 పెడతాడు. అంతే బరువెత్తే కుర్రాడు, ఆ ఆటే లేని ఊళ్లో 5 పెడతాడు. పక్కపక్క ఊళ్లకే పొంతన లేకపోతే ఇక సిడ్నీ మాటెందుకు?

కొవ్వు విభాగం మరీ చిక్కు. ‘నేను మరీ లావు’, ‘నా నడుం మరీ పెద్దది’ ఇలాంటివే అన్నీ. ‘తప్పు’ అంటే ఎక్కువ మార్కులు. బక్కచిక్కిన పిల్ల అన్నిటికీ ‘పూర్తిగా తప్పు’ పెట్టి ఆరుకి ఆరు తెచ్చుకుంటుంది. బళ్లో ఆ పిల్లని ఏడిపించేదేమో బక్కదనానికే! దాని గురించి ఆ విభాగం అడగదు. ఇక వ్యాయామం దగ్గర జాగింగ్, డాన్స్, జిమ్, ఈత ఉంటాయి. నాట్లు వెయ్యడం, భావనపాడు తీరాన వల లాగడం ఉండవు.

డ్రిల్ మాస్టారు: ఆ వాక్యం తీసేసి వల లాగడం పెడితే సరిపోయె కదా?

సగటుమనిషి: మన జిల్లా వరకు బంగారంలాంటి పత్రమవుతుంది. ఆస్ట్రేలియా పిల్లలకి ఆ వాక్యం ఇవ్వలేదు కాబట్టి పోలికలోకి మాత్రం రాదు. విభాగానికి రెండు వాక్యాలు సమానంగా నిలబడితే చాలు, సగటులు పోల్చొచ్చనే వాళ్లున్నారు. నాకు రెండు చాలవు. ఆరింట నాలుగైనా నిలబడాలి.

ఆమదాలవలస: లెక్కల కంటే ముందు పదిమంది పిల్లల చేత పైకి చదివించండి, ఆ అంకె ఎందుకు పెట్టారో అడగండి. ‘నాకు జబ్బు చెయ్యడం అరుదు’ దగ్గర ‘తప్పు’ పెట్టిన పిల్లాడు తరచూ జబ్బుపడతానంటున్నాడా, అసలు జబ్బే రాదంటున్నాడా? అడిగితేగానీ తెలీదు. ఇంకోటి, మాస్టారూ, పత్రాలు మీరు పంచకండి. ఆటల విభాగంలో మీ మొహం చూసి అందరూ 6 పెట్టేస్తారు.

డ్రిల్ మాస్టారు: సరే, సోషల్ మేడంగారితో ఇప్పిస్తాను. 40 వాక్యాల పొట్టి రూపం వాడితే ఒక్క పీరియడ్‌లో అయిపోతుంది.

సగటుమనిషి: అవుతుంది. కాకపోతే అందులో చాలా విభాగాలకి మూడేసి వాక్యాలే. ఒకటి జారిందంటే మిగిలేవి రెండు.