లాటిన్ ప్రేమపాటల గ్రామీని రాక్, ర్యాప్‌తో కలపడం న్యాయమేనా?

గమకం:
2011 ఏప్రిల్‌లో గ్రామీ వాళ్లు 109 విభాగాలను ఒక్క దెబ్బతో 78కి తగ్గించారు. లాటిన్ జాజ్ విభాగం ఎత్తేశారని పెద్ద గొడవే అయింది. లాటిన్ పాప్ (ఎక్కువగా స్పానిష్‌లో పాడే పాప్ పాటలు) సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. అది 1984 నుంచి విడిగా ఉన్న విభాగం. అందులో మొదటి గ్రామీ హోసే ఫెలిసియానోకి వచ్చింది. తర్వాత హూలియో ఇగ్లేసియాస్, రొబెర్తో కార్లోస్, లూయిస్ మిగెల్... ఎక్కువమంది ప్రేమపాటల గాయకులే. 2012 వేడుకకి దాన్ని రాక్, అర్బన్ (ర్యాప్ లాంటివి) విభాగాలతో కలిపి ఒకే అవార్డు చేసేశారు. ఇది ముమ్మాటికీ తప్పని నా అభిప్రాయం.

లెక్కలమాస్టారు:
ఒప్పుకోను. విభాగానికి కనీసం 40 ఎంట్రీలు రావాలని అప్పుడే రూల్ పెట్టారు. 25 నుంచి 39 లోపు వస్తే నామినేషన్లు మూడే. 25 కూడా రాకపోతే ఆ ఏడాది అవార్డు ఉండదు. వరుసగా మూడేళ్లు అలా అయితే విభాగమే రద్దు. పోటీ లేనిచోట గెలిస్తే ఆ అవార్డుకి విలువేముంటుంది? పైగా 2000 నుంచి లాటిన్ గ్రామీలు వేరే ఉన్నాయి. లూయిస్ మిగెల్ లాంటి స్టార్‌కి ప్రత్యేక రక్షణ దేనికండీ?

గమకం:
మాస్టారూ, లూయిస్ మిగెల్ గురించి నాకు బెంగ లేదు. 2012 నామినేషన్లు ఒక్కసారి చూడండి. కాయే 13 ర్యాప్, మానా రాక్, లా విదా బోయెమ్ కూడా రాకే, లోస్ అమీగోస్ ఇన్విసిబ్లెస్ డాన్స్ ఫంక్, ఐదో పేరు గుస్తావో గాలిందో. ప్రేమపాటలతోనే పేరు తెచ్చుకున్న వాళ్లు ఒక్కరూ లేరు. గెలిచింది మానా. మరుసటి ఏడాది విభాగాన్ని మళ్లీ విడదీశారు. అంతే, ప్రేమపాటలు పాడే రికార్దో అర్హోనా, జెస్సీ ఇ జాయ్ జంట, గాయని కానీ గార్సియా జాబితాలో కనబడ్డారు. గెలిచింది హువానెస్. ఏడాదిలో పాటలు మారిపోయాయా? మారింది విభాగమే కదా.

నిషాదం:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఒక్క ఏడాది జాబితా పట్టుకుని అంత గట్టిగా చెప్పలేమేమో. ఆ సంవత్సరం కాయే 13 ఆల్బమ్ నిజంగానే గొప్పది. నాకైతే అసలు చిక్కు ఓటర్ల దగ్గరే కనిపిస్తోంది. ఆ సంగీతం పెద్దగా వినని ఓటరు తెలిసిన పేరుకే టిక్ పెడతాడు. విభాగం విడిగా ఉన్నా జరిగేది అదే.

గమకం:
నిషాదం గారూ, ఓటర్ల మాట నిజమే. అందుకే విడిగా ఉండాలంటున్నాను. బొలేరోనే తీసుకోండి, అదే, క్యూబాలో పుట్టిన నెమ్మదైన ప్రేమపాట. ట్రియో లోస్ పాంచోస్ అనే ముగ్గురు గాయకుల బృందం పాటలో రెకింతో అని చిన్న గిటార్ ఉంటుంది, మామూలు గిటార్ కంటే పై శ్రుతిలో పలుకుతుంది. ఆ బృందంలోని ఆల్ఫ్రెదో హిల్ దాన్ని ఈ పాటల కోసమే తయారు చేయించుకున్నాడు. గాయకుడు ఊపిరి తీసుకునే సందులో అది నాలుగు స్వరాలు పలికి తప్పుకుంటుంది. పాట ప్రాణమంతా ఆ సందులోనే ఉంది. డ్రమ్స్ మోగే ఆల్బమ్ విన్న వెంటనే దీన్ని వింటే ఏమీ జరగనట్టే అనిపిస్తుంది. ఈ రెంటికీ ఒకే కొలత పెడితే ఎలా?

లెక్కలమాస్టారు:
నామినేషన్ల జాబితా చూశాను. మీ మాటలో బలం ఉంది, కాదనను. కానీ 40 ఎంట్రీల రూల్ ఉండాల్సిందే. లేకపోతే రేపు ప్రతి శైలికీ ఒక విభాగం అడుగుతారు.

గమకం:
రూల్ ఉండనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. ఎంట్రీలు తగ్గితే నామినేషన్లు మూడుకి తగ్గించండి, విభాగాన్ని మాత్రం ఇంకోదానిలో కలపొద్దు. లాటిన్ జాజ్ కోసం సంగీతకారుడు బాబీ సనాబ్రియా వాళ్లు కోర్టుకెక్కారు. కేసు నిలబడకపోయినా 2012 జూన్‌లో ఆ విభాగాన్ని తిరిగి తెస్తున్నట్టు ప్రకటించారు. అడిగేవాళ్లుంటే దిగొస్తారు. 2023లో యునెస్కో బొలేరోని క్యూబా, మెక్సికోల వారసత్వంగా గుర్తించింది. ఇప్పుడు గ్రామీలో బొలేరోకే ఒక విభాగం అడగాలని నేనంటాను. కాదనేవాళ్లు కారణం చెప్పండి.