క్లాసులో కులం అడిగి పిల్లల్ని నిలబెడుతున్నారు, ఎలా ఆపాలి?

ప్రశ్న:
హెచ్‌ఎంగా చేరి రెండు నెలలైంది. మొన్న ఆరో తరగతి పక్కనుంచి వెళ్తుంటే, "ఎస్సీ పిల్లలు లేచి నిలబడండి, యూడైస్ లెక్క రాసుకోవాలి" అని మాస్టారి గొంతు వినిపించింది. (యూడైస్ అంటే బడుల, పిల్లల వివరాలు ప్రభుత్వానికి పంపే లెక్క.) తొమ్మిది మంది లేచారు. చివరి బెంచీలో ఒక పాప మాత్రం వంగి చెప్పు పట్టీ సరిచేసుకుంటూ ఉండిపోయింది. పట్టీ బాగానే ఉంది. నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. మాస్టారు మంచి మనిషే, ఏళ్ల తరబడి అలవాటైన పద్ధతి. ఆయన్ని నలుగురిలో చిన్నబుచ్చకుండా ఎలా మార్పించాలి?

జవాబు 1:
మేడమ్, అడ్మిషన్ రిజిస్టర్లో కులం కాలమ్ ఉంటుంది కదా. లెక్క ఆఫీసులోనే తీయించండి, క్లాసులో అడిగే పనే ఉండదు. విద్యాహక్కు చట్టం 2009, 17వ సెక్షన్ మానసిక వేధింపును కూడా నిషేధించింది. అయినా సెక్షన్ మొదటి మాటగా వద్దు. ఆ చెప్పు పట్టీ సంగతి చెప్పండి.

జవాబు 2:
చిన్నప్పుడు నన్నూ అలాగే నిలబెట్టేవారు. ఆ రోజు పక్కవాడు బెంచీ మీద కాస్త దూరం జరిగాడు. నాకిప్పుడు నలభై రెండేళ్లు. ఆ జానెడు ఖాళీ ఇంకా కళ్లముందే ఉంది. రేపే మాట్లాడండి మేడమ్.

ప్రశ్న అడిగినవారు:
రేపు ఇంటర్వెల్‌లో ఆయన్ని విడిగా కూర్చోబెట్టి మాట్లాడతాను.