మహమ్మారి వేళ వీధి సహాయ బృందాలు ఆరోగ్య సలహాలు ఇవ్వవచ్చా?

మూడోఅంతస్తు:
2020లో పదిహేనుమందిమి కలిసి మా వీధిలో ఒక సహాయ బృందం నడిపాము. జ్వరంతో గదికే పరిమితమైనవారి గుమ్మం ముందు సరుకులు, మందులు పెట్టి రావడం, ఒంటరిగా ఉంటున్న పెద్దవారికి రోజూ ఫోను చేయడం మా పని. మళ్లీ అటువంటి రోజులు వస్తే ఎలా నడుచుకోవాలో ముందే రాసిపెట్టుకుందామని మొన్న కూర్చుంటే, మొదటి పేరా దగ్గరే తగువు మొదలైంది. 'సంచి మోయడం వరకే మన బాధ్యత, ఒంటి సంగతి వైద్యులు చూసుకుంటారు' అని సగంమంది. 'అర్ధరాత్రి భయంతో ఫోను చేసిన మనిషికి నాకు తెలియదని చెప్పి పెట్టేయమంటారా' అని మిగిలినవారు. నాది రెండో పక్షం. అప్పట్లో ఇటువంటి పని చేసినవారు ఏమంటారో తెలుసుకోవాలని ఉంది.

రాత్రిడ్యూటీ:
నేను నర్సును. ఇవ్వకూడదనే అంటాను, కారణం కూడా చెబుతాను. 2020 జూన్ 16న కోవిడ్ మందులను పరీక్షిస్తున్న బ్రిటన్‌లోని రికవరీ ప్రయోగం, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు ఫలితాలను ప్రకటించింది. ఆ మందు ఇచ్చినప్పుడు వెంటిలేటరు మీద ఉన్నవారిలో మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయి, ఆక్సిజన్ మీద ఉన్నవారిలో ఐదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం ఏ మేలూ జరగలేదు. మొదటి రెండు మాటలు వీధివీధికీ చేరాయి, మూడోది చేరలేదు.

మా మేనమామ మధుమేహం ఉన్న మనిషి. వాళ్ల సహాయ బృందంలో ఎవరో పంపిన మందుల జాబితా చూసి, జ్వరం వచ్చిన రెండో రోజే డెక్సామెథసోన్ మాత్రలు మొదలుపెట్టాడు. జ్వరం దిగింది, అందరూ నయమైందనుకున్నారు. కాని స్టెరాయిడ్ రక్తంలో చక్కెరను పెంచుతుంది, ఆసుపత్రికి తెచ్చేసరికి అది 500 దాటింది. ఆయన దక్కలేదు. ఆ జాబితా పంపిన అబ్బాయి మంచివాడు. మందులు కొని తెచ్చి గుమ్మంలో పెట్టింది కూడా అతనే. అందుకే నాకు ఇంత భయం.

ఫోనుగొంతు:
అమ్మా, మీ దుఃఖం ముందు వాదించాలంటే నోరు రావడం లేదు. అయినా నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను రోజూ ఫోను చేసే పదకొండుమందిలో డెబ్బై దాటిన ఒక టీచరమ్మ ఉండేవారు, ఒంటరి మనిషి. రోజూ 'బాగానే ఉన్నాను బాబూ, నీ పని చూసుకో' అని ఒక్క ఊపిరిలో చెప్పేవారు. ఎనిమిదో రోజు 'బాగానే' అన్నాక ఆగారు. మళ్లీ 'ఉన్నాను' అన్నారు. మాటలు అవే, కాని మధ్యలో ఊపిరి తెగింది. ఆవిడ వద్దంటున్నా వినకుండా అంబులెన్సు పిలిచాను. ఆసుపత్రిలో చూస్తే రక్తంలో ఆక్సిజన్ 86 శాతానికి పడిపోయింది. పన్నెండు రోజుల తర్వాత ఇంటికి తిరిగి వచ్చారు.

నేను ఇచ్చింది వైద్య సలహానా, సహాయమా? సంచి గుమ్మంలో పెట్టి వెనుదిరిగి ఉంటే నియమం పాటించినవాణ్నే అయ్యేవాణ్ని.

పాతపుస్తకం:
ఇంకొక కోణం. సలహా పైనుంచి వచ్చినంత మాత్రాన సరైనదని అనుకోలేము. 1918 ఇన్‌ఫ్లూయెంజా కాలంలో వైద్యులే రోజుకు 8 నుంచి 31 గ్రాముల ఆస్పిరిన్ సూచించారు. ఈనాటి లెక్కలో అది విషం మోతాదు. కొన్ని మరణాలకు ఆ మందే కారణమై ఉండవచ్చని 2009లో ఒక పరిశోధన వాదించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సైతం రద్దీ ప్రదేశాల్లో ప్రజలందరూ మాస్కు వేసుకోవడం మంచిదని 2020 జూన్ 5న గానీ చెప్పలేదు. దీన్నిబట్టి వైద్యుల మాట వినవద్దని నేను అనడం లేదు. శాస్త్రం తన మాటను తానే దిద్దుకుంటుంది, వీధిలో తిరిగే సందేశానికి ఆ అలవాటు లేదు. మార్చిలో పంపినది నవంబరులోనూ తిరుగుతూనే ఉంటుంది. మీ బృందం ఏది పంచినా దాని కింద తేదీ వేయండి, కొత్త మాట వచ్చిన రోజున పాతది తప్పని అదే గుంపులో చెప్పండి.

కిటికీపక్క:
సలహా గురించి ఇంత మాట్లాడుతున్నారు, పేర్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. మా బృందంలో పాజిటివ్ వచ్చిన ఇళ్ల నంబర్లను అందరికీ కనబడేలా పెట్టారు. ఉద్దేశం మంచిదే, జాగ్రత్తపడతారని. వారం తిరిగేసరికి కొత్త ఇళ్లు జాబితాలోకి రావడం ఆగిపోయింది. జబ్బు తగ్గి కాదు, చెప్పడం మానేశారు. పక్కింటివారు తలుపు తీయడం మానేస్తే, పనిమనిషి రావడం మానేస్తే ఎవరు చెబుతారు? జ్వరాన్ని దాచుకున్నవారికి మీ సంచీ చేరదు, మీ సలహా కూడా చేరదు.

2014లో పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియాలో ఎబోలా సమయంలో ఇటువంటిదే జరిగింది. మృతదేహాల నుంచి జబ్బు అంటకుండా, రాజధాని మన్రోవియాలో చనిపోయినవారందరినీ దహనం చేయాలని ఆగస్టులో ఆదేశించారు. ఖననం అలవాటైన కుటుంబాలు రోగులను ఇళ్లలో దాచి, రాత్రివేళ రహస్యంగా పాతిపెట్టాయి. అదే నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ మతపెద్దలతో కలిసి, గౌరవంగానూ సురక్షితంగానూ ఖననం చేసే పద్ధతిని రాసింది. అందులో కుటుంబానికి ప్రార్థన చేసుకునే చోటు ఇచ్చారు. జనాన్ని మార్చింది ఆదేశం కాదు, తమ బాధను ఎవరో విన్నారన్న నమ్మకం. నా దృష్టిలో మీ బృందం చేయగలిగిన అతి పెద్ద ఆరోగ్య సేవ, విన్న సంగతిని బయట పెట్టకపోవడం.

రాత్రిడ్యూటీ:
ఫోనుగొంతు గారూ, మీ మాట గురించి రాత్రంతా ఆలోచించాను. మీరు చేసింది వైద్యం కాదు, కనిపెట్టి ఉండడం. అది ఎవరైనా చేయవచ్చు, చేయాలి కూడా. నేను నా మాటను సవరించుకుంటున్నాను: మందు పేరు పలకకూడదు, ప్రమాదాన్ని గుర్తించడం మానకూడదు. కోవిడ్‌లో చాలామందికి ఊపిరి ఇబ్బంది లక్షణాలు మొదలైన అయిదో రోజు నుంచి పదో రోజు మధ్యలోనే వచ్చింది. ఆ రోజుల్లో పూటకొకసారి ఫోను చేయండి. వాక్యం ఒక్క ఊపిరిలో పూర్తవుతోందా, పెదవులు నీలబడ్డాయా, మనిషి తికమకగా మాట్లాడుతున్నారా అడగండి.

వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ కొలిచే ఆక్సిమీటరును ఒక్కదాన్నే నమ్మవద్దు. చేతులు చల్లగా ఉన్నా, గోళ్లకు రంగు ఉన్నా అది తప్పు చూపిస్తుంది. 2020 డిసెంబరులో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, యంత్రం బాగానే చూపిస్తున్నా అసలు ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోయి ఉన్న సందర్భాలు తెల్లవారికంటే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనబడ్డాయి. అంకె 95 అంటున్నా మాట తెగుతుంటే మాటనే నమ్మండి.

తలుపుచప్పుడు:
మందు పేరు పలకకూడదన్న ఈ గీత కాగితం మీద బాగుంది, నిలబడదని నా అనుమానం. 'ఏ మందు వేయాలో చెప్పు నాయనా' అని తల్లి ఏడుస్తుంటే, ఇరవై రెండేళ్ల కుర్రవాడు చెప్పకుండా ఉండగలడా? నేను ఉండలేకపోయాను. ఏదో ఒకటి చెప్పాను. ఆ బిడ్డ కోలుకుంది, అది అదృష్టమే తప్ప నా తెలివి కాదు. కుర్రవాళ్ల మీద ఆ బరువు పెట్టకండి.

మూడోఅంతస్తు:
తలుపుచప్పుడు గారి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మిగతా మూడూ, అంటే మందు పేరు చెప్పకూడదని, ఇంటి నంబరు ఒక్కరి దగ్గరే ఉండాలని, ప్రతి కాగితం మీద తేదీ ఉండాలని, ఇప్పటికే రాసేశాను. నేను మొదట నిలబడిన పక్షం నుంచి సగం దూరం జరిగాను. ఆ తల్లి ఏడుస్తున్నప్పుడు ఫోను ఎవరి చేతికి ఇవ్వాలో మాత్రం ఖాళీగా వదిలాను.

రాత్రిడ్యూటీ:
ఆ ఖాళీలో ఒక పేరు కావాలి. మీ చుట్టుపక్కల రిటైరైన నర్సో, మందుల దుకాణంలో పనిచేసే, చదువుకున్న ఫార్మసిస్టో తప్పక ఉంటారు. ఈ వారమే వెళ్లి అడగండి. మహమ్మారి వచ్చాక అడిగితే, అప్పటికే వారికి నలభై ఇళ్ల నుంచి ఫోన్లు వస్తుంటాయి.